డాన్యూబ్ మలుపులో ఐదు ఊళ్లు: ఎక్కడ తిరగాలి, ఎక్కడ బస చేయాలి

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఏ హోటల్ కౌంటర్ దగ్గరైనా "ఒక్క రోజులో డాన్యూబ్ మలుపు" అనే టూరు కరపత్రం కనిపిస్తుంది. పొద్దున్నే బస్సెక్కించి సెంటెండ్రె, విషెగ్రాద్, ఎస్తెర్‌గోమ్ మూడూ చూపించి సాయంత్రానికి తెచ్చి దింపేస్తారు. దయచేసి ఆ టూరు తీసుకోకండి. తూర్పుకు పారుతూ వచ్చిన అంత పెద్ద నది రెండు కొండల వరసల మధ్య నుంచి దక్షిణానికి తిరిగే చోటు అది. అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలి.

మా అమ్మాయి బుడాపెస్ట్‌లో చదువుకుంటోంది కాబట్టి మాకు తీరిగ్గా తిరిగే వీలు దొరికింది. మావారికి మోకాళ్ల నొప్పులు, నేను మాంసం ముట్టను. కింద రాసిందంతా ఈ రెండు ఇబ్బందులతో తిరిగి చూసి చెబుతున్నదే.

బసకు నా ఓటు నజ్‌మరోష్‌కి. విషెగ్రాద్ కోట కుడి ఒడ్డున ఉంటే ఈ ఊరు దానికి సరిగ్గా ఎదుట, ఎడమ ఒడ్డున ఉంది. కోట ఉన్న ఊళ్లో దిగితే కోట ఇంత బాగా కనపడదు, ఇక్కడ దిగితే కిటికీలోంచే కనిపిస్తుంది. బుడాపెస్ట్ న్యుగతి స్టేషన్ నుంచి రైల్లో గంట లోపే వచ్చేయొచ్చు. కుడి ఒడ్డున విషెగ్రాద్‌కి రైలే లేదు, బస్సులోనో పడవలోనో వెళ్లాలి. మేం దిగిన పాంజియోకి, అంటే ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జికి, విషెగ్రాద్‌లో అడిగిన హోటళ్ల కంటే తక్కువే పడింది. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ ఎంతో ఆదరంగా చూసింది. లిఫ్ట్ లేదు కాబట్టి కింది గది కావాలని ముందే అడగాలి. పర్యాటక పన్ను బుకింగ్ ధరలో కలవకపోవచ్చు, అక్కడ విడిగా కట్టమంటారు. చిన్న లాడ్జీల్లో కార్డు తీసుకోని వాళ్లూ ఉన్నారు, కొంత ఫోరింట్ (హంగరీ కరెన్సీ) నగదు దగ్గర ఉంచుకోండి.

ఈ నదీతీరం ఇలా మిగిలి ఉండటం వెనక పెద్ద పోరాటమే ఉంది. 1977లో హంగరీ, చెకోస్లొవేకియా చేసుకున్న ఒప్పందం ప్రకారం నజ్‌మరోష్ దగ్గర జలవిద్యుత్ ఆనకట్ట రావాలి. దాన్ని వద్దంటూ 1988లో బుడాపెస్ట్ వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఇంకా గద్దె మీద ఉన్న రోజులవి! 1989లో పనులు ఆగాయి. తగాదా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి 1997లో తీర్పు వచ్చింది. సాయంత్రం ఆ ఒడ్డున కూర్చుంటే పడవలు, పిల్లలు, ఎదురుగా కొండ మీద కోట. ఆ వీధుల్లోకి వచ్చిన వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

విషెగ్రాద్‌కి రేవు నుంచి ఫెర్రీ ఉంది, కార్లూ ఎక్కుతాయి. చివరి ఫెర్రీ ఎప్పుడో రేవులోని బోర్డు మీద చూసుకుని మరీ వెళ్లండి. పై కోటకి కాలిబాట బాగా నిటారు, మేం టాక్సీలో వెళ్లాం. కోట లోపల కూడా ఎగుడుదిగుడు మెట్లే. మావారు మొదటి ప్రాంగణంలోనే ఆగిపోయారు, అక్కడి నుంచి కూడా నది వంపు చక్కగా కనిపిస్తుంది. 1241-42 మంగోల్ దాడి దేశాన్ని నేలమట్టం చేశాక నాలుగో బేలా రాజు కట్టించిన కోట ఇది. 1335లో హంగరీ, బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం), పోలండ్ రాజులు ముగ్గురూ సమావేశమైంది ఈ విషెగ్రాద్‌లోనే. 1991లో ఆ దేశాల నేతలు మళ్లీ ఇక్కడే కలిసి విషెగ్రాద్ కూటమి పెట్టుకున్నారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కిరీటం దొంగతనం. 1440 ఫిబ్రవరిలో, భర్త పోయి నిండు గర్భిణిగా ఉన్న హంగరీ రాణి ఎలిజబెత్ కోసం ఆమె పరిచారిక హెలెనె కొట్టన్నర్ ఈ కోటలోంచి, హంగరీ రాజుల పట్టాభిషేకానికి వాడే పవిత్ర కిరీటాన్ని తెప్పించింది. తాళాలు కోయించి, కిరీటాన్ని దిండులో కుట్టి, మంచుబండి మీద గడ్డకట్టిన డాన్యూబ్ దాటించింది. పుట్టిన బిడ్డకి మూడు నెలలైనా నిండీ నిండకుండానే పట్టాభిషేకం జరిగింది. ఈ కథంతా ఆవిడే స్వయంగా చెప్పి రాయించింది. కొండెక్కలేని వాళ్లు కింద మాథియాస్ రాజు ప్రాసాదం చూడండి. అది పూర్తిగా మట్టి కింద పడిపోతే 1934లో తవ్వకాలు మొదలుపెట్టి వెలికి తీశారు. ఎర్ర పాలరాతి పనితనం చూసి తీరాలి.

సెంటెండ్రె అందరికీ తెలిసిన ఊరు. బుడాపెస్ట్‌లోని బత్యాని చౌకు నుంచి లోకల్ రైల్లో నలభై నిమిషాలు. బుడాపెస్ట్ సిటీ పాస్ నగర సరిహద్దు దాకానే చెల్లుతుంది, మిగతా దూరానికి అదనపు టికెట్ తీసుకోవాలి. 1690లో ఒట్టోమన్ తుర్కులకు భయపడి తమ మతపెద్ద పాట్రియార్క్ అర్సేనియె వెంట వచ్చిన సెర్బులు ఈ ఊరిని తీర్చిదిద్దారు. నడిబొడ్డున ఉన్న ప్లేగు శిలువను 1763లో సెర్బియన్ వర్తకులు నిలబెట్టారు. ఊరు అందంగానే ఉంటుంది గానీ, టూరు బస్సులు వచ్చాక ఆ సందుల్లో దుకాణాలు తప్ప ఏమీ కనపడవు. పొద్దున్న తొమ్మిదికే చేరుకోండి. చౌకు దగ్గర ఒక రెస్టారెంట్‌లో బిల్లులో సర్వీస్ చార్జీ వేసి, పైన టిప్పు కూడా అడిగారు. బిల్లు అడుగున "szervizdíj" (సెర్విజ్‌దీయ్, అంటే సర్వీస్ చార్జీ) అని ఉంటే ఇక టిప్పు ఇవ్వక్కర్లేదు. పిల్లలతో వెళ్తే ఊరి బయట స్కాన్జెన్‌కి ఒక పూట కేటాయించండి. హంగరీ నలుమూలల నుంచి పాత పల్లె ఇళ్లు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన మ్యూజియం అది.

శాకాహారులకు ఒక మాట. సూప్‌లో మాంసం నీళ్లు, కూరలో పంది కొవ్వు ఉండే అవకాశం ఎక్కువ, అడగకుండా తినొద్దు. వేసవిలో పుల్ల చెర్రీల చల్లటి సూప్ దొరుకుతుంది, అమృతం. తూరోష్ చూసా అనే జున్ను నూడుల్స్ మీద బేకన్ ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. లాంగోష్ మన భటూరా లాంటిదే, మీద వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, చీజ్ వేస్తారు.

టూరు వాళ్లు పట్టించుకోని వాత్స్ మాకందరికీ ఎక్కువ నచ్చింది. హంగరీలో మొట్టమొదటి రైలు 1846లో పెస్ట్ (ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగం) నుంచి ఈ ఊరికే నడిచింది. 1994లో ఇక్కడి డొమినికన్ చర్చి బాగుచేస్తుంటే మూసేసిన నేలమాళిగ బయటపడింది. లోపల పూలూ పుర్రెలూ చిత్రించిన శవపేటికలు, చల్లటి పొడి గాలికి చెడకుండా నిలిచిన 265 దేహాలు! పద్దెనిమిదో శతాబ్దపు క్షయవ్యాధి క్రిముల డీఎన్‌ఏ వీటిలోనే దొరికింది. కొన్నిటిని ఊళ్లోనే ప్రదర్శనకు ఉంచారు. మనసు బరువెక్కుతుంది, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. చౌకు నుంచి నది ఒడ్డుకి నాలుగడుగులే, దారంతా చదును. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి ఈ ఐదింట్లో ఇదే సుఖం.

ఎస్తెర్‌గోమ్‌లో స్టేషన్ నుంచి బసిలికా చాలా దూరం, బస్సెక్కండి. దేశంలోకెల్లా పెద్ద చర్చి, 1856లో దాని ప్రతిష్ఠకి హంగరీ సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ ప్రత్యేకంగా సంగీతం కూర్చాడు. ఆ భారీతనం కంటే లోపలున్న బకోత్స్ ప్రార్థనా మందిరం నాకు నచ్చింది. 1500ల మొదట్లో ఎర్ర పాలరాతితో కట్టిన దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి కొత్త చర్చిలో అమర్చారు. తర్వాత మారియా వలేరియా వంతెన మీద నడిచి స్లొవేకియాలోని ష్టూరొవో వెళ్లండి. 1944లో జర్మన్ సేనలు పేల్చేసిన ఈ వంతెన 2001లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. బసిలికా పూర్తిగా కనపడేది ఆ ఒడ్డు నుంచే. షెంగెన్ వీసా సరిపోతుంది, పాస్‌పోర్ట్ మాత్రం వెంట ఉంచుకోండి. అవతల కాఫీ తాగాలంటే యూరోలు కావాలి. ఒక్క జాగ్రత్త, ఈ ఊళ్లలో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. వంతెనలూ నది ఒడ్లూ ఆ రోజుకి పెట్టుకోండి.