చూర్ణం పర్లేదు, గోల్డ్ క్యాప్సూల్ జోలికి మాత్రం పోకండి

పాలలో కలుపుకునే అశ్వగంధ చూర్ణం ఏడాదికి పైగా వాడాను. దాని మీద పెద్ద ఫిర్యాదేం లేదు. నా ఒళ్లు మండేది అదే కంపెనీవాళ్ల గోల్డ్ క్యాప్సూల్ మీద.

మాది భీమవరం పక్క పల్లె, రొయ్యల చెరువులు. రాత్రిపూట కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే గట్టు మీదే తెల్లారిపోతుంది. దానికి తోడు షుగర్. అంగస్తంభన తగ్గిందని చూర్ణం మొదలుపెట్టాను. నిద్ర బాగా పట్టేది, ఆ పని కూడా మెరుగైందని స్నేహితులకి గొప్పగా చెప్పాను. అయితే రొయ్యకి మంచి రేటు పలికి, నా టెన్షన్ తగ్గింది కూడా ఆ పంటలోనే.

ఇక క్యాప్సూల్. పల్లేరు, దూలగొండి, శిలాజిత్, నూటికి నూరుపాళ్లు మూలికలే అని డబ్బా మీద ఉంది. "గంట ముందు వేసుకోండి, తేడా మీకే తెలుస్తుందండీ" అన్నాడు షాపతను. తెలిసింది. పని జరిగింది, అబద్ధమెందుకు? కానీ ముఖమంతా ఆవిర్లు, రెండు ముక్కులూ బిగుసుకుపోయాయి, తెల్లవార్లూ తలనొప్పి. "ఏవండీ, మొహం అలా కందిపోయిందేంటి, బీపీ చూపించుకోండి" అని మా ఆవిడ ఒకటే గోల. తర్వాత వేసుకున్నప్పుడూ అదే వరస. ఓసారైతే ట్యూబ్‌లైటు నీలంగా కనపడింది. ఏ వేరు, ఏ గింజ ఇలా గడియారం చూసుకుని పనిచేస్తుంది?

షుగర్ చెకప్‌కి డబ్బా పట్టుకెళ్లాను. డాక్టరుగారు మూలికల పేర్లు చదవనేలేదు. "ముక్కు బిగిసిందా? లైటు నీలంగా ఉందా?" అని అడిగి, "వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ కలిపుంటారండీ. ల్యాబ్‌లో చూస్తేగానీ ఖాయంగా చెప్పలేం" అన్నారు. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి సరుకులో ఆ మందు బయటపడిందని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చాలాసార్లు హెచ్చరించిందట. డాక్టరు రాస్తే 25, 50, 100 మిల్లీగ్రాములని లెక్కుంటుంది. ఇందులో ఎంత కలిపారో ఎవడికి తెలుసు? గుండెనొప్పికి నైట్రేట్ మాత్ర వాడేవాళ్లకి ఇది తోడైతే బీపీ అమాంతం పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మా పెదనాన్న ఆ మాత్ర చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతారు. ఆ షాపులో గొంతు తగ్గించి గోల్డ్ అడిగేది ఎక్కువగా ఆయన ఈడువాళ్లే.

డబ్బా వెనక్కి తీసుకోమంటే "సీలు తీసేశారు కదండీ" అన్నాడు.

షుగర్ ముదిరితే నరాలు, రక్తనాళాలు దెబ్బతిని ఈ ఇబ్బంది వస్తుందని చెప్పి, డాక్టరుగారు గుండె పరీక్ష కూడా చేయించారు. షుగర్ అదుపులోకొచ్చాక చాలావరకు పర్లేదు. చూర్ణం ఇప్పుడూ అప్పుడప్పుడు తాగుతాను, నిద్ర కోసమే అనుకోండి. థైరాయిడ్, లివర్ సమస్యలున్నవాళ్లు అడక్కుండా వాడొద్దన్నారు. షుగరూ చెరువుల టెన్షనూ లేనివాళ్లకి అది ఎంతవరకు పనిచేస్తుందో నన్నడిగి లాభం లేదు.