ఎంట్విసిల్, మెకార్ట్నీ, జోన్స్: బేస్ గిటార్‌లో ఎవరిది పైచేయి?

బేస్ గిటార్‌ను, అంటే పాట అడుగున మంద్రస్వరాలు పలికే గిటార్‌ను, ఎవరు గొప్పగా వాయించారన్న వాదన రాక్ అభిమానుల మధ్య తెగకపోవడానికి ఒక కారణం ఉంది. వాదించేవారు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. 2011లో రోలింగ్ స్టోన్ పత్రిక తన పాఠకుల అభిప్రాయం అడిగినప్పుడు ది హూ బృందంలోని జాన్ ఎంట్విసిల్‌కు మొదటి స్థానం, బీటిల్స్ పాల్ మెకార్ట్నీకి మూడో స్థానం దక్కాయి. లెడ్ జెప్లిన్‌కు చెందిన జాన్ పాల్ జోన్స్ వారిద్దరి వెనకే ఉండిపోయారు. అదే పత్రిక 2020లో తానే 50 మంది జాబితా వేసినప్పుడు మొదటి స్థానం రాక్ బృందాల వారెవరికీ కాక, అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్‌కు వెళ్లింది. పాఠకులు చేతివేగానికి ఓటు వేశారని, విమర్శకులు పాటకు చేసిన మేలును చూశారని నా అనుమానం. పై ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఎంట్విసిల్ మీద తరచూ వినిపించే అభ్యంతరం ఆయన అవసరానికి మించి స్వరాలు వాయిస్తారని. ఆ బృందం కూర్పును గమనించనివారే ఆ మాట అంటారు. గిటార్ వాయించే పీట్ టౌన్షెండ్ ఎక్కువగా తీగలన్నిటినీ కలిపి మోగించే లయబద్ధమైన దెబ్బలతో పాటను నడిపేవారు. డ్రమ్ముల దగ్గర కీత్ మూన్ తాళం పట్టి కూర్చోకుండా పాట పొడుగునా డ్రమ్ములన్నిటినీ మోగిస్తూనే ఉండేవారు. ఇక రాగాన్ని అల్లే పని మిగిలింది బేస్‌కే. 1965 నాటి ‘మై జనరేషన్’లో, ఇతర బృందాలైతే గిటార్ సోలో (ఒక్క వాయిద్యమే ముందుకొచ్చే భాగం) పెట్టే చోట, బేస్ సోలో వస్తుంది. దాని కోసం ఆయన సన్నటి తీగలున్న డానెలెక్ట్రో బేస్ గిటార్ కొన్నారు. ఆ తీగలు తెగిపోయాయి, విడిగా దొరకలేదు, తీగ కోసం మళ్లీ గిటారే కొనవలసి వచ్చింది. చివరకు రికార్డయినది ఫెండర్ కంపెనీ బేస్ మీద. (మంచి తీగల విలువ ఆయనకు అప్పుడే తెలిసివచ్చి ఉండాలి.) మరుసటి ఏడాది రోటోసౌండ్ సంస్థతో కలిసి, లోపలి తీగ మీద చదునైన పట్టీకి బదులు గుండ్రటి సన్నతీగ చుట్టిన బేస్ తీగలను మెరుగుపరచడంలో ఆయన పాలుపంచుకున్నారు. పియానో అడుగుతీగల్లా గణగణమనే ఆ నాదం అప్పటివరకు బేస్‌కు లేదు. 1973 నాటి ‘ది రియల్ మీ’లో ఆయన వేళ్లు గాయకుడితో పోటీపడి పరుగెడతాయి, అయినా పాట కూలిపోదు. కూలిపోకుండా నిలబెడుతున్నది కూడా ఆ వేళ్లే.

మెకార్ట్నీ బేస్ పట్టింది ఇష్టపడి కాదు. 1961లో అప్పటి బేస్ వాద్యకారుడు స్టూవర్ట్ సట్‌క్లిఫ్ బృందాన్ని వదిలి జర్మనీలోని హాంబర్గ్‌లోనే ఉండిపోవడంతో ఖాళీ అయిన ఆ చోటును ఎవరో ఒకరు పూరించవలసి వచ్చింది. ఎడమచేతి వాటం ఆయనది కనుక, తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించని వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్‌ను అక్కడే కొన్నారు. తొలి సంవత్సరాల్లో ఆయన వాయింపు చక్కగా ఉంటుంది, అంతకు మించి ఏమీ కాదు. అసలు మలుపు 1966లో వచ్చింది. ‘పేపర్‌బ్యాక్ రైటర్’ రికార్డింగ్‌లో బేస్ గట్టిగా వినిపించడానికి ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకుగా వాడారు. ‘రెయిన్’లో బేస్ పాడే గొంతుకు జవాబు చెబుతున్నట్టు పైకీ కిందికీ తిరుగుతుంది. ఆ ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో బీటిల్స్ పర్యటనలు ఆగిపోయాయి. ఆ తర్వాత చాలా పాటల్లో మిగతా వాయిద్యాలన్నీ రికార్డయ్యాక, ఆఖరున ఆయన ఒంటరిగా కూర్చుని బేస్ వాయించేవారు. పాట మొత్తం ఎదుట ఉంటుంది, ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది, నచ్చకపోతే మళ్లీ వాయించవచ్చు. ఈ వెసులుబాటు వేదిక మీద ఎంట్విసిల్‌కు ఏనాడూ లేదన్న సంగతి, ఇద్దరినీ తూచేటప్పుడు అభిమానులు మరిచిపోతుంటారు.

జాన్ పాల్ జోన్స్ లెడ్ జెప్లిన్‌లోకి 1968లో రాకముందే లండన్ స్టూడియోల్లో పేరున్న వాయిద్యకారుడు, ఇతరుల పాటలకు వాద్యవిన్యాసం రాసినవారు. ఆ క్రమశిక్షణ ఆయన ప్రతి స్వరంలో కనిపిస్తుంది. ‘రాంబుల్ ఆన్’లో పాట నెమ్మదిగా ఉన్న చోట రాగం పైకి లేస్తుంది, గిటార్ విరుచుకుపడగానే కిందికి దిగి జాన్ బోనమ్ డ్రమ్ముతో కలిసిపోతుంది. ‘సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ’లో చేతులతో ఆర్గాన్ వాయిస్తూ, పాదాలతో పెడల్స్ తొక్కి బేస్ పలికించారు. ‘బ్లాక్ డాగ్’కు ఆధారమైన ఆ మెలికల వరుస కూడా ఆయన కట్టినదే. బృందానికి ఒక మనిషిని ఎంచుకోమంటే నేను క్షణం ఆలోచించకుండా జోన్స్‌ను ఎంచుకుంటాను. ప్రశ్న అది కాదు కనుక ఆయన ఇక్కడ మూడోవారవుతున్నారు.

క్రీమ్ బృందపు జాక్ బ్రూస్‌ను ఎందుకు వదిలేశారని అడగవచ్చు. ఆయన గొంతును, వాయింపును విడదీసి తూచడం నా వల్ల కాలేదు.

ఇంకొక సంగతి తీర్పును వంకర చేస్తుంది. బేస్ గిటార్ అడుగుతీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకరు అంత కింది నాదాన్ని పలికించలేదు. ఎంట్విసిల్ వాయింపులోని గణగణ పైశ్రుతుల్లో ఉంటుంది కనుక ఫోన్‌లో కూడా తెలుస్తుంది. డ్రమ్ముతో కలిసి అడుగున ఉండే జోన్స్ దాదాపు మాయమవుతారు. 1980ల తెలుగు సినిమాల్లో ఇళయరాజా పాటలను మంచి హెడ్‌ఫోన్లతో విన్నవారికి, గాయకుడి పక్కనే బేస్ తన సొంత రాగంతో నడవడం అలవాటే. అలాంటి చెవికి ముగ్గురిలో మెకార్ట్నీ ముందుగా దగ్గరవుతారని నా నమ్మకం.

నా ఓటు కూడా ఆయనకే. ‘సమ్‌థింగ్’లో గాయకుడిని, గిటార్‌ను పక్కనపెట్టి ఒక్క బేస్‌నే అనుసరిస్తే, అది విడిగా పాడుకోదగిన పాటగా నిలుస్తుంది, అయినా అసలు పాటకు ఎక్కడా అడ్డురాదు. ఎంట్విసిల్ వరుసను అలా పాడుకోవడం కష్టం, జోన్స్ వరుస డ్రమ్ము లేకుండా సగమే. అయితే 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయంలో రికార్డయిన ది హూ కచేరీ వింటున్నంతసేపు ఈ నిర్ణయం మీద నాకు పట్టు ఉండదు. ఒక గిటార్, ఒక బేస్, డ్రమ్ములు, ఒక గొంతు, ఇంతే వాళ్ల సరంజామా. గిటార్ సోలోకు ఎక్కినప్పుడు వెనక రావలసిన వెలితి ఎంత వెతికినా దొరకదు.