హాస్కెల్‌లో ఆరేళ్లు: అడిగితేగానీ జరగని లెక్కలు

మాదాపూర్‌లో మా ఆఫీసులో ఆరేళ్లుగా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాస్తున్నాను. 1990లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఈ భాషది ఒకటే పద్ధతి: ఎవరైనా విలువ అడిగేదాకా లెక్క చేయదు. దీన్నే లేజీ ఇవాల్యుయేషన్ అంటాం. భాష మీద నాకు ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఈ ఒక్క గుణం ఏడిపించినంతగా ఇంకేదీ నన్ను ఏడిపించలేదు.

మొదటి దెబ్బ ఒక కౌంటర్ దగ్గర తగిలింది. రోజంతా వచ్చే మెసేజ్‌లను లెక్కపెట్టి, అర్ధరాత్రి మొత్తం చూపించే చిన్న ప్రోగ్రామ్ అది. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం టీ తాగొచ్చి చూస్తే మెమరీ పెరుగుతూ ఉండేది. దాచేది ఒక్క అంకె, దానికి ఇంత మెమరీ ఎందుకు? రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి హీప్ ప్రొఫైల్ (మెమరీలో ఏమేం పేరుకున్నాయో చూపే రిపోర్ట్) తీస్తే అంతా థంక్‌లే, అంటే ఇంకా చేయని లెక్కల చీటీలు. దాచిన విలువను మార్చడానికి నేను వాడిన మాడిఫై-ఐఓరెఫ్ అనే ఫంక్షన్ ఒకటి కలపదు, 'ఒకటి కలపాలి' అని రాసి పెడుతుంది. కిరాణా కొట్టులో కూడకుండా పద్దులు రాసుకుంటూ పోయినట్టు. మొత్తం అడిగేది అర్ధరాత్రి కాబట్టి అప్పటిదాకా చీటీ మీద చీటీ. అదే పేరు చివర ప్రైమ్ గుర్తు (') ఉన్న ఇంకో ఫంక్షన్ ఉంది, అది అప్పటికప్పుడే కూడేస్తుంది. ఆ ఒక్క గుర్తు పెట్టాక మెమరీ పెరగడం ఆగిపోయింది. ఈ హెచ్చరిక డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

రెండోది ఇంకా తికమక. "అన్నా, ట్రై పెట్టాం కదా, మళ్లీ ఎందుకు పడిపోయింది?" అని మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. ట్రై అంటే తప్పు జరిగితే ప్రోగ్రామ్ పడిపోకుండా పట్టుకునే ఫంక్షన్. చూస్తే సున్నాతో భాగహారాన్ని, ఇచ్చినదాన్ని అలాగే అందించే రిటర్న్‌లో పెట్టి, దాన్ని ట్రైకి ఇచ్చాడు. రిటర్న్ చీటీని అందించిందే తప్ప భాగహారం చేయలేదు. ట్రైకి తప్పేమీ కనబడలేదు. నలభై లైన్ల కింద రిపోర్ట్ ప్రింట్ చేసే చోట విలువ అడగగానే అసలు తప్పు బయటపడింది. రిటర్న్ తీసేసి, అప్పటికప్పుడే లెక్క చేయించే ఇవాల్యుయేట్ పెడితే అక్కడికక్కడే దొరికింది. అయితే ఇవాల్యుయేట్ కూడా పైపొర వరకే చూస్తుంది. లిస్టు ఇస్తే అది ఖాళీయో కాదో తేల్చుకుని ఆగిపోతుంది, లోపలి అంకెల జోలికి పోదు. అంతా కావాలంటే ఫోర్స్ కూడా తోడవ్వాలి.

ఫైలు మూసేశాక చదవబోయి ఎర్రర్ ఇచ్చే లేజీ ఐఓ (అడిగినప్పుడే ఫైలు చదివే పద్ధతి) గురించి ఎక్కువ చెప్పను. అసలు పనిలో దాన్ని వాడకండి, అంతే.

మరి ఎందుకు వదల్లేదంటే, లక్ష అంకెల లిస్టును సార్ట్ చేసి మొదటి ఐదు తీసుకోమంటే, ఇది మొత్తం సార్ట్ చేయదు, ఆ ఐదుకు సరిపడా పనే చేస్తుంది. దానికోసం నేను విడిగా ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. ఫంక్షన్ చివర వేర్ అనే మాట కింద పది పేర్లకు లెక్కలు రాసిపెట్టుకున్నా, ఆ దారిలో అవసరమైనవే నడుస్తాయి. ఈ హాయి నాకు వేరే భాషలో దొరకలేదు.

2024లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.10 నుంచి, లిస్టును ఎప్పటికప్పుడే కూడుతూ పోయే ఫోల్డ్-ఎల్-ప్రైమ్ విడిగా ఇంపోర్ట్ చేయకుండానే దొరుకుతోంది, అది చాలా మంచి మార్పు. నేనైతే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే, డేటాలో పెట్టే విలువలను వెంటనే లెక్క చేయించే స్ట్రిక్ట్‌డేటా ఆన్ చేస్తాను, మ్యాప్ (పేరుకు విలువ జతచేసే పట్టిక) కావాలంటే విలువలను వెంటనే లెక్కచేసే స్ట్రిక్ట్ మాడ్యూల్‌నే తీసుకుంటాను. లిస్టులను మాత్రం లేజీగానే వదిలేస్తాను.