ప్రత్యర్థికి మధ్యలో అవకాశం ఇవ్వాలా, ప్రసంగం ఆపకుండా సాగించాలా?

చట్టసభలో మాట్లాడుతుండగా ఎదుటి పక్షం సభ్యులు ప్రశ్న అడగడానికి లేచి నిలబడితే, కూర్చుని వారికి అవకాశం ఇవ్వడమా, నిరాకరించి ప్రసంగం కొనసాగించడమా అన్నది వక్తకు పదేపదే ఎదురయ్యే చిక్కు.

సమయం: అవకాశం ఇస్తే కేటాయించిన నిమిషాలు తరిగిపోతాయి, బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో మాత్రం, ప్రసంగాలకు కాలపరిమితి విధించినప్పుడు, ఇలా మధ్యలో కల్పించుకునే మొదటి 2 జోక్యాలకు ఒక్కో నిమిషం అదనంగా కలుపుతారు. నిరాకరిస్తే సమయం మిగులుతుంది.

శ్రమ: అవకాశం ఇవ్వడానికి విషయంపై గట్టి పట్టు కావాలి. నిరాకరించడానికి రాసుకున్న ప్రసంగమే చాలు.

ప్రమాదం: జవాబులో తడబడితే ఆ తడబాటు సభా రికార్డుల్లో నిలిచిపోతుంది. అయితే పదేపదే నిరాకరించే మంత్రి జవాబు లేకనే తప్పించుకుంటున్నారన్న అనుమానం అంతకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రశ్నకు నిలబడని వాదాన్ని చర్చ అనడానికి నాకు మనసొప్పదు.

లోక్‌సభలోనైనా కామన్స్‌లోనైనా సభ్యులు సభాధ్యక్షులను ఉద్దేశించే మాట్లాడాలి, ఒకరితో ఒకరు నేరుగా కాదు కాబట్టి, నిరాకరణ కూడా మర్యాదగానే సాగవచ్చు.

బిల్లు ప్రవేశపెట్టిన మంత్రికి, తగినంత సమయం ఉన్న ప్రధాన వక్తకు అవకాశం ఇవ్వడమే తగినది. కొద్ది నిమిషాలే దొరికిన సభ్యులకు, లేదా అడ్డుపడేవారు జవాబు కాక గందరగోళమే కోరుతున్నప్పుడు, నిరాకరించడం సబబు.