భూకంపం తర్వాత ఇంటిని ఎక్కడి నుంచి చూడాలి: ఆకాశం నుంచా, గుమ్మం దగ్గర నుంచా?

2015 ఏప్రిల్ 25, శనివారం. మధ్యాహ్నానికి కాస్త ముందు నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూమి కంపించింది. సుమారు 9 వేల మంది చనిపోయారు. దాదాపు 5 లక్షల ఇళ్లు పూర్తిగా పోయాయి. నిలబడి ఉన్న ఇళ్ల ముందు, ప్లాస్టిక్ పట్టాల కింద, జనం ఒకే ప్రశ్నతో కూర్చున్నారు: లోపలికి వెళ్లవచ్చా?

ఉపగ్రహ చిత్రాలకు వేగం ఉంది. కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోయిన సింధుపాల్‌చోక్ లాంటి జిల్లాలకు మనిషి చేరేలోపే, ఏ ఊరు నేలమట్టమైందో పైనుంచి తెలుస్తుంది. వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలు ఎక్కడెక్కడి నుంచో ఆ చిత్రాలు చూసి దారులను, ఇళ్లను పటాలకెక్కించారు. సహాయ బృందాన్ని ముందు ఎటు పంపాలో తేల్చడానికి నేను వీటినే నమ్ముతాను. మబ్బు కమ్మితే మాత్రం మామూలు కెమెరాకు ఏమీ కనిపించదు.

అసలు చిక్కు కప్పుతోనే. కింది అంతస్తులో దుకాణాలు పెట్టి, గోడలు తగ్గించి కట్టిన భవనం ఆ అంతస్తు మీదే కూలబడుతుంది. పై అంతస్తులు అలాగే కిందికి దిగుతాయి. నిటారుగా పైనుంచి తీసిన చిత్రంలో కప్పు చెక్కుచెదరనట్టే ఉంటుంది.

ఇంజనీరు గుమ్మం దగ్గర నిలబడితే చూసేవి వేరు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే గోడ ఎంత ఒరిగిందో తెలుస్తుంది. నిన్నటి దాకా తేలిగ్గా మూసుకున్న తలుపు ఇప్పుడు పట్టేస్తోందంటే చట్రం వంకర పోయినట్టే. పూత మీది సన్నటి నెర్రె వేరు, రెండు కిటికీల మధ్య గోడలో గుణకారపు గుర్తులా పడిన బీట వేరు. స్తంభం దూలాన్ని కలిసేచోట కాంక్రీటు రాలి, ఇనుప చువ్వ వంగి కనిపిస్తే ఇక లోపలికి అడుగు పెట్టకూడదు.

పరీక్ష అయ్యాక ఇంటికి ఆకుపచ్చ (లోపలికి వెళ్లవచ్చు), పసుపు (పరిమితంగా వెళ్లవచ్చు), ఎరుపు స్టిక్కర్లు అంటించే పద్ధతి 1989లో అమెరికాలో రూపుదిద్దుకుంది. ఎరుపు అంటే ప్రవేశం ప్రమాదకరమని మాత్రమే అర్థం, కూల్చేయమని కాదు. ఈ తేడా ఇంటివాళ్లకు విడమరచి చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. బాగుచేసుకోగల ఇంటి మీద కూడా ఆశ వదిలేసుకుంటారు.

మనిషి పని నెమ్మది, నిజమే. అయినా ఆ రాత్రి పిల్లలను ఎక్కడ పడుకోబెట్టాలో చెప్పడానికి గుమ్మం దగ్గరి పరీక్షే మేలు. అదీ ఒక్కసారి సరిపోదు. మే 12న 7.3 తీవ్రతతో మళ్లీ కంపించాక, అంతకుముందు చేసిన పరీక్ష ఏదీ చెల్లదు. బీట కొన దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాసి ఉంచండి. తర్వాతి కంపనానికి బీట ఆ గీత దాటిందంటే, ఆకుపచ్చ స్టిక్కరున్నా మళ్లీ ఇంజనీరు వచ్చేదాకా బయటే ఉండండి.