మోటర్‌హోమ్‌లో కాపురం: ఏళ్ల వాడకం తరువాత

పడక, వంటిల్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న ఇంటిబండ్లు, అంటే మోటర్‌హోమ్‌ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు షోరూమ్‌లో మొదలై అక్కడే ముగుస్తాయి. పడక ఎంత వెడల్పు, సోఫా ఏ రంగు, వంటగట్టు కింద ఎన్ని సొరుగులు. ఏటా రెండు వారాల సెలవుల్లో తిరిగివచ్చే వారికి ఆ వివరాలు చాలు. వేరే ఇల్లంటూ లేకుండా ఏళ్ల తరబడి బండిలోనే కాపురం చేస్తున్న మాలాంటి వారు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ ఇంట్లోంచి బయటికి వెళ్లిరావడం ఎంత సులువు? కూరగాయలకో, డాక్టరు దగ్గరికో, ఏ పనీ లేకుండా సాయంత్రం అలా తిరిగిరావడానికో. నేను మార్కులు వేసేది ప్రధానంగా దానికే.

మా బండి పొడవు 7 మీటర్లు, ఎత్తు 3 మీటర్లకు కొంచెం తక్కువ. ఉండేది ఇద్దరం, నేనూ మా వారూ. మంచినీటి ట్యాంకు 100 లీటర్లు, వాడిన నీటి ట్యాంకు 90 లీటర్లు, టాయిలెట్ క్యాసెట్, అంటే మలమూత్రాలు చేరే పెట్టె, 20 లీటర్ల లోపు. పైకప్పు మీద 300 వాట్ల సోలార్ ప్యానెళ్లు, సీటు కింద 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, వెనక రెండు సైకిళ్లు. మ్యాపు ఎంత ఊరించినా, ఒకచోట ఎన్ని రోజులు ఉండాలో చెప్పేవి ఈ అంకెలే.

ముందు నీళ్లే అయిపోతాయని అందరూ అనుకుంటారు. నీళ్లు పొదుపుకు లొంగుతాయి. ఒళ్లు తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రాసుకుని మళ్లీ తిప్పుకుంటే ఒక మనిషి స్నానం 6 లీటర్లలో అయిపోతుంది. ఇళ్లలోని షవర్ ఒక్క నిమిషంలోనే దాదాపు అంత పోస్తుంది. కరెంటు కూడా మన మాట వింటుంది. వినిపించుకోనిది క్యాసెట్. ఇద్దరికి మూడు రోజులు, బయటి మరుగుదొడ్లు అందుబాటులో ఉంటే నాలుగు. బ్రోషర్లలో దీనికి ఒక్క వాక్యం కూడా దక్కదు కాబట్టి నేనే కాస్త విపులంగా చెబుతాను.

బండి పక్కనున్న చిన్న తలుపు తీస్తే క్యాసెట్ పెట్టెలా బయటికి జారుతుంది. నిండితే 20 కిలోల దాకా తూగుతుంది. దానికి చక్రాలూ, లాగడానికి పిడీ ఉంటాయి గానీ గులకరాళ్ల నేల మీద ఆ చక్రాలు ఉన్నా లేనట్టే. పారబోసే చోటికి చేరాక, గొట్టాన్ని బయటికి తిప్పి, మూత తీసి, గాలి లోపలికి పోయే బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని వంచాలి. ఆ బొత్తం వదిలితే గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది, ప్యాంటు మీద కూడా పడుతుంది. రెండుసార్లు నీళ్లతో తొలిచి, వాసన కట్టే మందు పోసి, లోపలికి తోసేస్తే పని అయినట్టే. పది నిమిషాలు పడుతుంది. దీనిపై మా ఇంట్లో స్పష్టమైన ఒప్పందం ఉంది: వంట చేసిన మనిషి క్యాసెట్ ముట్టనక్కర్లేదు. మా వారికి వంట మీద అంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి మా వారం క్యాసెట్ చుట్టూ తిరుగుతుంది. అది నిండిన రోజే పనుల రోజు. ఇల్లు ఎలాగూ కదలాలి కనుక మిగిలిన చాకిరీ అంతా ఆ రోజుకే తోసేస్తాం. వాడిన నీళ్లు వదలడం, మంచినీళ్లు పట్టడం, గ్యాస్, డీజిల్, బరువైన సరుకులు, బట్టలు. నాణేలేసి తిప్పే లాండ్రీలో గంటన్నర కూర్చోవడం మొదట్లో శిక్షలా ఉండేది. ఇప్పుడు నాకు ఆ గంటన్నరే ఇష్టం. ఊళ్లో మంచి డాక్టరు ఎవరో, ఏ దారి వాన వస్తే మునుగుతుందో తెలిసేది అక్కడే.

ఇల్లు కదలడమంటే తాళం చెవి తిప్పడం కాదు. బయలుదేరే ముందు సరిచూడవలసిన వాటి జాబితాను ఒకరు కాగితం చూసి చదువుతారు, ఇంకొకరు ఆ వస్తువును చేత్తో ముట్టుకుని చూసి జవాబిస్తారు. “పైకప్పు కిటికీ?” “మూశాను.” “మెట్టు?” “లోపలికి వచ్చింది.” “ఫ్రిజ్ గొళ్లెం?” “వేశాను.” “పంపు?” “కట్టేశాను, మీరు సైకిళ్ల పట్టీలు చూశారా?” చూశానంటే సరిపోదు, ముట్టుకున్నానని చెప్పాలి. గ్లాసులు, ల్యాప్‌టాప్, పొయ్యి మీది గిన్నె అన్నీ వాటి వాటి అరల్లోకి పోవాలి. కొత్తచోట ఆగాక ఇదంతా తిరగేసి చేయాలి. వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు, చేరాక మరో ఇరవై. పాల ప్యాకెట్ కోసం ఎవరైనా ఈ తతంగం చేస్తారా? మోటర్‌హోమ్ అసలు లోపం ఇదే, ఎంత ఖరీదైన బండి కొన్నా పోదు. కారు వెనక లాగే ట్రైలర్ అయితే ఇంటిని విప్పి అక్కడే వదిలి కారులో ఊళ్లోకి పోవచ్చు. రోజూ బయట పని ఉన్న వారికి, పిల్లలున్న వారికి ట్రైలరే నయం. మేము కదలడం ఎక్కువ, ఊళ్లో పనులు తక్కువ కనుక మాకు ఇది కుదిరింది.

కుదరడంలో సగం పుణ్యం సైకిళ్లది. ఇంత ఎత్తు బండి 2 మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ ఉన్న పార్కింగ్‌లోకి పోదు, నేలమాళిగ పార్కింగ్ ఊసే వద్దు. పాత ఊళ్ల సందుల్లో వెనక చక్రాల అవతలికి పొడుచుకొచ్చిన తోక గోడలను రాసుకుంటుంది. అందుకని ఊరి అంచున బస్సు ఆగే చోటో, సైకిల్ దారి మొదలయ్యే చోటో చూసుకుని బండి ఆపుతాం. మ్యూజియం, సంత, నది ఒడ్డు, ఏదైనా సరే అక్కడి నుంచే. కొండ దారుల్లో నడకకు పోవాలంటే ముందురోజు సాయంత్రమే ఆ దారి మొదట్లో, బండి నిలపడానికి అనుమతి ఉన్న చోట చేరిపోతాం. తెల్లారి కార్లు వచ్చే వేళకు మేము సగం ఎక్కి ఉంటాం. తిరిగొచ్చి బూట్లు విప్పితే మన వంటిల్లు, మన పడక అక్కడే ఉంటాయి. హోటల్ గదిలో ఉండి తిరిగే వారికి ఈ సుఖం దొరకదు. ఈ విషయంలో బండికి పూర్తి మార్కులు.

కరెంటు సంగతి త్వరగా ముగిస్తాను. మా బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు రెండున్నర యూనిట్లు. లైట్లు, ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, నీటి పంపు హాయిగా నడుస్తాయి. 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే 12 వోల్టుల బ్యాటరీ మీద 150 ఆంపియర్ల భారం పడుతుంది, మొత్తం నిల్వ గంటన్నర కూడా రాదు. అందుకే వంటకు గ్యాసే. వేసవిలో ఒక గొడవ తప్పదు: నీడ కావలసింది మాకు, ఎండ కావలసింది ప్యానెళ్లకు. చెట్టు కింద ఆపిన రోజున ఒక కొమ్మ నీడ పడినా ఉత్పత్తి దిగిపోతుంది. చలికాలంలో సూర్యుడు కిందినుంచే పోతాడు కనుక బల్లపరుపుగా బిగించిన ప్యానెళ్లకు పెద్దగా అందదు. పైగా ఈ రకం లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల లోపు ఛార్జ్ చేయకూడదు. బ్యాటరీ బండి లోపలే ఉంటే ఆ బెడద తగ్గుతుంది, కొనేముందు అది ఎక్కడుందో చూసుకోండి.

ఫ్రిజ్ గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. మాది గ్యాస్ మంటతో చల్లబరిచే రకం. 1922లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మ్యూంటర్స్ అనే ఇద్దరు స్వీడన్ విద్యార్థులు రూపొందించిన పద్ధతికి ఇది వారసురాలు. కదిలే భాగాలు లేవు, చప్పుడు లేదు, కరెంటు ఊసు దాదాపు లేదు. కానీ లోపలి ద్రవం తన బరువుతోనే కిందికి పారాలి కాబట్టి బండి ఒరిగి ఉంటే పని చేయదు. అద్భుతమైన సరస్సు ఒడ్డు దొరుకుతుంది, నేల కాస్త వాలుగా ఉంటుంది, చక్రాల కింద దిమ్మెలు పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ అరగంట గడిచిపోతుంది. దిమ్మెలతో తీరని వాలైతే సరస్సును వదులుకుని రోడ్డు పక్క చదును నేలకు రావాలి. మా మజిలీలు కొన్నింటిని ఫ్రిజ్ నిర్ణయించిందంటే అతిశయోక్తి కాదు. తరువాతి బండిలో ఇళ్లలో లాగా కరెంటుతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్, దానికి తగ్గట్టు ఇంకో బ్యాటరీ.

వాన రోజులు కాపురానికి అసలు పరీక్ష. మూడు రోజులు ఎడతెగకుండా కురిస్తే ఇద్దరు మనుషులు, తడి చెప్పులు, ఆరని తువాళ్లు, ఒకే ఒక్క నడవ. ఒకరు లేవాలంటే ఇంకొకరు కాళ్లు ముడుచుకోవాలి. దానికి తోడు తేమ. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. హీటర్ దాన్ని గొట్టం ద్వారా బయటికి పంపుతుంది గానీ పొయ్యి ఆవిరి అంతా ఇంట్లోనే. మన ఊపిరి కూడా కలుస్తుంది. తెల్లారేసరికి కిటికీలు కారుతుంటాయి, పరుపు అడుగు తడిగా తగులుతుంది. చలి వేసినా వంట చేసేటప్పుడు పైకప్పు కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి, పరుపు కింద గాలి ఆడే వల పరచాలి. ఇంకొకటి: గ్యాస్ గాలికన్నా బరువు కనుక దాని అలారం నేలకు దగ్గరగా ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా ఉండాలి. ఈ రెండూ లేని బండిలో నేను పడుకోను.

మళ్లీ కొనవలసి వస్తే 6 మీటర్ల లోపు బండి తీసుకుంటాను. పోయే ఆ మీటరు సోఫాది, మేము దాని మీద కూర్చునేది ఎటూ వాన రోజుల్లోనే. రెండో క్యాసెట్ తప్పక కొంటాను, దాంతో పనుల రోజు మూడు రోజులకొకసారి కాక వారానికొకసారి వస్తుంది. సైకిళ్లను లోపల పెట్టుకునే గరాజు ఉన్న నమూనాకే డబ్బు పెడతాను. టీవీ వద్దంటాను. ఇప్పుడున్నది విప్పేసి ఆ అరలో నడక బూట్లు పెట్టుకున్నాం.