కాంచనబురి: వంతెనకి అరగంట చాలు

బ్యాంకాక్ టూర్‌కి వెళ్లే మనవాళ్లకి కాంచనబురి అంటే క్వాయ్ నది వంతెన మీద ఒక సెల్ఫీ, ఆ తర్వాత జలపాతం. ఒక్కరోజు ప్యాకేజీలు కూడా అలాగే తయారుచేసి పెట్టారు. మేం అడిగిన ఏజెంట్ అయితే యుద్ధఖైదీల సమాధులున్న వార్ సెమెట్రీకి ఇరవై నిమిషాలు రాసిచ్చాడు, రైలు మార్గం కోసం వాళ్లు కొండ తొలిచిన హెల్‌ఫైర్ పాస్ ఊసే లేదు. "అక్కడ చూడ్డానికేముంది సార్, రాళ్లే కదా" అన్నాడు. అతనికో నమస్కారం పెట్టి రైలెక్కాం.

రైలు బ్యాంకాక్‌లో తోన్‌బురి స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. విదేశీయులకి టికెట్ 100 బాత్. థర్డ్ క్లాసే, ఏసీ లేదు, కిటికీలు తెరిచి ఉంటాయి. వ్యాన్‌లో ఇంకా త్వరగా వెళ్లొచ్చు గానీ, చూడబోతున్నదే ఆ రైలు మార్గం కథ కాబట్టి రైలే నయం.

కథ తెలియకుండా వెళ్తే మాత్రం నిజంగానే రాళ్లే కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మాలో ఉన్న తన సైన్యానికి సముద్రం మీదుగా సరుకు పంపడం జపాన్‌కి ప్రమాదంగా మారింది. దాంతో 1942–43లో కొండలూ అడవీ తొలిచి థాయిలాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. పనిలోకి దింపిన యుద్ధఖైదీలు 60 వేలకు పైనే: బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు, కొద్దిమంది అమెరికన్లు. వాళ్లలో 12 వేలకు పైగా చనిపోయారు. కలరా, విరేచనాలు, మలేరియా, ఆకలి, దెబ్బలు. ఆసియా కూలీలు దాదాపు 2 లక్షల మంది. వాళ్లలో పోయినవాళ్లు 90 వేల వరకూ ఉంటారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు కూడా ఆ కూలీల్లో ఉన్నారు. ఈ సంగతి మనకి ఏ స్కూల్లోనూ చెప్పలేదు.

వార్ సెమెట్రీ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే, ఊరి మధ్యలో ఉంది. ప్రవేశం ఉచితం. దాదాపు 7 వేల సమాధులు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నిర్వహణకి వంక పెట్టడానికి లేదు, గడ్డి కూడా కొలిచి కత్తిరించినట్టు ఉంటుంది. ప్రతి ఫలకం మీదా పేరు, రెజిమెంట్, వయసు, చాలావాటి మీద ఇంటివాళ్లు రాయించిన ఒక మాట. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై ఐదు అని వయసులు చదువుకుంటూ నడుస్తుంటే రెండు వరసలు దాటేసరికి మాటలు ఆగిపోతాయి. ఒకచోట రెండే సమాధుల్లో 300 మంది అస్థికలు ఉన్నాయి, కలరాతో పోయినవాళ్లని దహనం చేశారు కాబట్టి. అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు విడిగా చెక్కి ఉన్నాయి. వాళ్ల సమాధులు వేరే ముస్లిం శ్మశానాల్లో ఉన్నాయి. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి.

పక్కనే థాయిలాండ్–బర్మా రైల్వే సెంటర్ ఉంది. టికెట్ ఉన్నా నా మటుకు ఊళ్లో తప్పనిసరి ఇదే. మ్యాపులూ నమూనాలతో ఎక్కడ ఏ క్యాంపు ఉండేదో, ఎంతమంది పోయారో చక్కగా చెబుతారు. వాట్ చాయ్ చుంఫోన్ గుడిలోని జీత్ (JEATH) యుద్ధ మ్యూజియం దీని ముందు పాతబడిపోయింది. ఖైదీల వెదురు గుడిసె నమూనా కోసం వెళ్లొచ్చు, టైం లేకపోతే వదిలేయండి.

చుంగ్‌కాయ్ సెమెట్రీ నదికి అవతలి ఒడ్డున, అప్పటి ఖైదీల క్యాంపు ఉన్నచోటే ఉంది. 1,700 పైచిలుకు సమాధులు. టూరు బస్సులు పెద్దగా రావు. రెండిట్లో ఒక్కటే చూడగలిగితే ఊళ్లోదే చూడండి, కానీ కాసేపు కూర్చోవాలనిపించేది ఇక్కడే.

ఇక వంతెన. దాన్ని లోకానికి పరిచయం చేసిన సినిమా 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' తీసింది శ్రీలంకలో! పర్యాటకులు వచ్చి క్వాయ్ నది ఏదని అడుగుతుంటే, 1960లో ఇక్కడి నది పాయకి ఆ పేరే పెట్టేశారు. వంపు తిరిగిన ఇనుప స్పాన్లు అసలువి, మధ్యలో కోణాలుగా ఉన్నవి బాంబు దాడుల తర్వాత కొత్తగా వేసినవి. చుట్టూ టీషర్టుల దుకాణాలు. అరగంట చాలు. దగ్గర్లోనే, పోయినవాళ్ల కోసం 1944లో జపాన్ సైన్యమే కట్టిన స్మారకం ఉంది, ఎవరూ ఆగరు. దాని మీద తమిళంలో కూడా రాసి ఉంది. చంపినవాళ్లే కట్టిన గుర్తు, అయినా అక్కడ మనవాళ్ల ఊసు ఉంది. సెమెట్రీలో ఆ కూలీల పేరు ఒక్కటి కూడా లేదు.

హెల్‌ఫైర్ పాస్‌కి మాత్రం పూర్తిగా ఒక రోజు పెట్టుకోండి. ఊరి నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. బస్సులు ఉన్నాయి గానీ సాయంత్రం తిరుగు బస్సు కోసం టెన్షన్ పడేకంటే నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం మేలు. ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే కేంద్రం, ప్రవేశం ఉచితం, ఆడియో గైడ్‌కి కూడా డబ్బు తీసుకోరు. మెట్లు దిగితే సుత్తులతో, చేత్తో పట్టుకున్న ఉలులతో తొలిచిన కొండ మధ్య నిలబడతాం. రాత్రి కాగడాల వెలుగులో ఎముకల గూళ్లలాంటి మనుషులు పనిచేస్తుంటే నరకంలా కనిపించేదట, అందుకే ఆ పేరు. రాతిలో డ్రిల్ పెట్టిన గాడులు ఇంకా తెలుస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైన మ్యూజియంతో ఆగిపోవడం మంచిది, ఎక్కి రావడం కష్టం. కాంచనబురి నుంచి ఈ లైన్లో చివరి స్టేషన్ నామ్‌తోక్ వెళ్లే రైలెక్కితే ఎడమవైపు కూర్చోండి, థామ్ క్రాసే దగ్గర కొండనానుకుని నది మీదుగా సాగే చెక్క వంతెన అటే కనిపిస్తుంది.

బస విషయానికొస్తే, నది మీద తేలే గదులు ఫొటోల్లో బాగుంటాయి. శని, ఆదివారాలు పాటల పడవలు మోత మోగిస్తూ తిరుగుతాయి, నిద్ర ఉండదు. మే నామ్ క్వాయ్ రోడ్డులో గెస్ట్‌హౌస్‌లు చవక, సెమెట్రీకి నడిచి వెళ్లొచ్చు, నది వైపు కాకుండా లోపలి గది అడగండి. శాకాహారులు 'జే' అని చెబితే చేపల సాస్ కూడా వేయరు. కాకపోతే వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు, చప్పగా ఉంటుంది. పచ్చడి సీసా వెంట ఉంటే ఇబ్బంది లేదు.